అంటు కట్టిన బోర్డు

ఆయన పోయారన్న సంగతి నాకు ఒక ఫ్లెక్సీ వల్ల తెలిసింది. అది గోడకు కట్టిన ఫ్లెక్సీ కూడా కాదు. విస్సన్నపేట సెంటర్లో మా బస్సు ఆగినప్పుడు పక్కన ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దాని నిండా మామిడికాయల ట్రేలు. కాయకు ఎండ తగలకుండా పైన ఒక పాత ఫ్లెక్సీ కప్పి తాడుతో బిగించారు. ఆ తాడు సరిగ్గా ఒక పెద్దాయన నుదుటి మీదుగా పోయింది. తాడు కింద కళ్లజోడు, కళ్లజోడుకు కట్టిన నల్లదారం కనిపించాయి.

నేను డీటీపీ చేసి బతికే మనిషిని. పెళ్లికార్డులు, చర్చి కరపత్రాలు, మామిడి పెట్టెల మీద అంటించే లేబుళ్లు కొట్టడం నా పని. ఏ ఫ్లెక్సీ చూసినా ముందు అక్షరాలు చూస్తాను, వంకలు పెడతాను, తర్వాతే మనిషిని చూస్తాను. ఆ రోజు మాత్రం ముందు నల్లదారాన్ని చూశాను. ఆ తర్వాతే 'అశ్రునివాళి' అన్న మాట చదివాను.

కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆటో అతన్ని అడిగాను.

"ఈయన ఎప్పుడు పోయారండీ?"

"సంక్రాంతి వెళ్లిన నెలకండి. నిద్రలోనే పోయారు. పెద్దకర్మ అయ్యాక ఈ ఫ్లెక్సీ ఊరికే పడుంటే వాళ్లమ్మాయి ఇచ్చిందండి, కాయకి కప్పుకోమని. వాళ్ల నాన్నకి ఏదీ పారేయడం ఇష్టం ఉండదంట."

అది నిజమే. తన ఫ్లెక్సీ కాయకు నీడ పట్టిందని తెలిస్తే ఆయన సంతోషించేవారు. తాడు ఇంకాస్త బిగించమని కూడా చెప్పేవారు. నాకు మాత్రం నూజివీడు వచ్చేదాకా ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ "ఏమైందమ్మా?" అంటే "మా బాబాయ్ పోయారండి" అన్నాను. ఆయన నాకు చుట్టం కాదు. మా ఇద్దరికీ కులం కలవదు, మతం కలవదు, ఊరు కూడా కలవదు. ఆయన నాకు ఒక మదర్‌బోర్డు ఎంచి ఇచ్చారు, అంతే.

విస్సన్నపేట బస్టాండు వెనక సందులో ఆయనకు ఒక గది ఉండేది. అందులో మొదట రేడియోలు బాగుచేశారు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. గది మారలేదు, స్టూలు మారలేదు, బల్ల మీది వస్తువు మాత్రం మారుతూ వచ్చింది. ఎవరైనా లోపలికొచ్చి "మంచి మదర్‌బోర్డు ఏదండీ?" అని అడిగితే, ఆయన కళ్లజోడు గుండెల మీదికి జారవిడిచి ఎదురు ప్రశ్న వేసేవారు.

"మంచి మామిడికాయ ఏది?"

వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవారు.

"పచ్చడికా, రసానికా, కోసుకు తినడానికా? అది చెప్పకుండా మంచిది ఏదంటే ఏం చెప్పను?"

అప్పుడు పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక తెల్లటి వైపు తిప్పి చేతిలో పెట్టేవారు. ఆ కంప్యూటర్‌తో ఏమేం పనులు చేయాలో ఇంటికెళ్లి రాసుకురావాలి. ఆ పనులు చదివాక బోర్డు పేరు ఆయన రాసేవారు. అంతవరకు ఒక్క పేరు కూడా ఆయన నోటి నుంచి రాదు. ఒక మామిడి వ్యాపారి వచ్చి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద బోర్డు కావాలని పట్టుబట్టాడు. అతను రాసుకొచ్చిన కాగితం ఆయన చదివారు. అందులో ఉన్నవి ఉత్తరాలు కొట్టుకోవడం, మనవరాలి పాటలు వినడం.

"ఎంత చెట్టుకు అంత గాలి బాబూ. ఈ పనికి అంత బోర్డు పెడితే అది విసుక్కుంటుంది" అన్నారు. వ్యాపారికి కోపం వచ్చి వెళ్లిపోయాడు. వారం తర్వాత మళ్లీ వచ్చి, ఆయన చెప్పిన చిన్న బోర్డే పెట్టించుకున్నాడు.

అందరూ ముందు ప్రాసెసర్ ఎంచుకుంటారు, తర్వాత అద్దాల కేబినెట్ ఎంచుకుంటారు, చివర్లో ఏదో ఒక బోర్డు తగిలిస్తారు. ఆయనది తిరగేసిన వరస. ముందు బోర్డు, ఆ తర్వాతే మిగతావి. రేపు ఇంకేమైనా కలపాలంటే చోటుందా, వెనక ఏమేం తగిలించుకోవచ్చు, కరెంటు వచ్చే మూల గట్టిగా ఉందా అని చూసేవారు. "వేసవిలో మన ఊరి కరెంటు ఎలా ఊగుతుందో దీన్ని చేసినవాడికి తెలియదమ్మా. మనమే చూసుకోవాలి" అనేవారు.

బోర్డు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, తడి ఆరాక కిటికీ ఇనుప ఊచను ఒకసారి పట్టుకునేవారు. గుళ్లోకి వెళ్లేవాళ్లు గడపకు మొక్కినట్టు ఉండేది. ఒంట్లో పుట్టే కరెంటు బోర్డుకు తగలకుండా ముందే భూమిలోకి పోవాలట. ఆ తర్వాత ఎడమచేతి బొటనవేలిని పిన్నుల వరస మీదుగా మెల్లగా పోనిచ్చేవారు. ఆ గోరు రెండు పాయలుగా చీలి ఉండేది, మధ్యలో పాత గాటు. కంటికి ఆనని వంకర ఆ గాటుకు తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకు నవ్వొచ్చేది గానీ, ఆ వేలు తప్పు చెప్పగా నేను చూడలేదు.

ఇక నా సంగతి. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. మా అమ్మ చాట్రాయి వైపు తోటల్లో కాయ మోసిన మనిషి. చెట్టు దగ్గర గంప నెత్తికెత్తుకుని రాశి దగ్గర దించేలోపు పాట కట్టేది. అన్నీ ప్రభువు పాటలే, అన్నిట్లో గంపలూ కొమ్మలూ ఎండా ఉండేవి. అమ్మకు రాయడం రాదు. నేను టైపింగ్ నేర్చుకునే రోజుల్లో వేళ్లు తిరగడానికి ఆ పాటలు కొట్టుకునేదాన్ని. అలా ముప్పై ఎనిమిది పాటలు కంప్యూటర్లోకి ఎక్కాయి.

కొన్నేళ్లకు అమ్మకు మరుపు జబ్బు మొదలైంది. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. ఒక్కోసారి నన్నే "ఎవరి అమ్మాయివమ్మా?" అని అడుగుతుంది. పాట మొదటి ముక్క చదివితే మాత్రం రెండో ముక్క అందుకుంటుంది. ఆ కాసేపు నేను ఎవరో కూడా ఆమెకు తెలుస్తుంది. రోజూ సాయంత్రం స్క్రీన్ ముందు కూర్చుని నేను ఒక ముక్క చదివేదాన్ని, అమ్మ మిగతాది పాడేది. మా ఇద్దరికీ మిగిలిన మాటలు అవే.

ఒక ఎండాకాలం నా కంప్యూటర్ చచ్చిపోయింది. హార్డ్ డిస్క్ బాగానే ఉంది, ఫైలూ బాగానే ఉంది, కానీ తెరవడానికి లేదు. ఆ పాటలు కొట్టిన తెలుగు సాఫ్ట్‌వేర్‌కు ఒక లాక్ ఉండేది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. పాతకాలం ప్రింటర్లు తగిలించే వెడల్పాటి పోర్టు ఉంటుంది చూడండి, కంప్యూటర్ వెనక దానికి ఈ లాక్ బిగిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇంకో కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అమ్మ పాటలన్నీ ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ కలిసిన గజిబిజిగా కనిపిస్తాయి. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. మా చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా అది లేదు. కొత్త మదర్‌బోర్డుల వెనక ఆ పోర్టే లేదు.

ప్రింటు తీసి పెట్టుకోలేదా అని అడుగుతారు. తీశాను, క్రిస్మస్‌కు చర్చిలో అందరికీ పంచేశాను, ఫైలు ఉందిగా అనుకున్నాను. ఊరందరి అక్షరాలూ భద్రంగా దాచేదాన్ని, మా అమ్మవి దాచలేదు. దీపం కిందే చీకటి.

లేబుళ్లు కొట్టించుకునే ఒక వ్యాపారి ఈయన గురించి చెబితే విస్సన్నపేట వెళ్లాను. షట్టర్ మూసి ఉంది. దాని మీద సుద్దముక్కతో రాసి ఉంది: 'తోటలో ఉన్నాను. కాయ దిగాక వస్తాను.' మా వైపు అంతే, కాయ దిగే రోజుల్లో టైలరూ దొరకడు, తాపీమేస్త్రీ దొరకడు. తోటకు దారి కనుక్కుని చాట్రాయి ఆటో ఎక్కాను. చచ్చిపోయిన బోర్డు పేపర్లో చుట్టి బుట్టలో పెట్టుకున్నాను, లాక్ పర్సులో పెట్టుకున్నాను.

ఆయన బోర్లించిన ట్రే మీద కూర్చుని కాయలు ఏరుతున్నారు. నా చేతిలో బుట్ట చూసి, "పచ్చడి కాయ అయిపోయిందమ్మా, ఆలస్యంగా వచ్చావు" అన్నారు.

"కాయ కోసం కాదండి, మదర్‌బోర్డు కోసం వచ్చాను."

పొడుగాటి కర్రలకు వల కట్టిన చిక్కాలతో కాయ దింపుతున్నవాళ్లు కూడా నవ్వారు. ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి, సొన అంటిన చేతులకు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడిగి, లుంగీకి తుడుచుకుని, మోటారు పైపును ఒకసారి పట్టుకున్నారు. అప్పుడు బోర్డు ఇమ్మని చెయ్యి చాపారు.

"పొట్టలు ఉబ్బినయ్ చూడు" అని గుండ్రటి చిన్న డబ్బాల్లాంటి వాటిని చూపించారు. "ఇది అయిపోయిందమ్మా. దీని మీద ఆశ వదిలేయ్."

నేను లాక్ తీసి చూపించాను. యూఎస్‌బీకి తగిలించే వైరు ఒకటి తెప్పించానని, అదీ పనిచేయలేదని చెప్పాను.

"ఆ వైరుకి ప్రింటరుతో మాట్లాడటమే వచ్చు. లాక్‌తో మాట్లాడటం రాదు. దానికి బోర్డులోంచే పుట్టిన పోర్టు కావాలి" అన్నారు. లాక్‌ను చేతిలోకి తీసుకుని, "ఇంతకీ ఇందులో ఏం దాచావమ్మా? పెళ్లికార్డులా?" అని అడిగారు.

"మా అమ్మ పాటలండి. ఆమెకి మరుపొచ్చింది. నేను మొదటి ముక్క చదివితేనే పాడుద్ది. ఇది తెరుచుకోకపోతే ఇంక మాకు మాటలుండవండి."

"మీ అమ్మది ఏ ఊరు?"

చెప్పాను. ఈ తోటల్లోనే కాయ మోసేదని కూడా చెప్పాను. ఆయన లాక్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. నా కష్టం విని జాలిపడ్డారనుకున్నాను.

ఆ మధ్యాహ్నమంతా మామిడిచెట్టు కింద మదర్‌బోర్డు ఎంచాం. నేను ముందే ఒకటి అనుకుని వెళ్లాను, నల్లగా నిగనిగలాడుతూ రంగురంగుల దీపాలున్నది. ఫోన్లో దాని బొమ్మ చూపించాను.

"పైన పటారం లోన లొటారం అని అననమ్మా, మంచి బోర్డే. ఆటలాడుకునేవాళ్లకి పనికొస్తుంది. నీ పనికి కాదు. దీంట్లో నీ లాక్‌కి చోటు లేదు."

రెండోది మైలవరంలో ఒకాయన అమ్ముతానన్న పాత బోర్డు. దానికి వెనక అసలైన పోర్టే ఉంది, నా లాక్ తీసుకెళ్లి బిగించేయొచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది, అదే కొనిపెట్టమని బతిమాలాను. ఆయన ఫొటో పెద్దది చేసి చూసి తల అడ్డంగా ఊపారు.

"ముదిరిన మొక్క మీద అంటు అతకదు. రెండు వేసవులకి దీని పొట్టలూ ఉబ్బుతాయి. అప్పుడు మళ్లీ ఏడుస్తూ వస్తావు. నేను ఉంటానో ఉండనో."

మూడోదాన్ని ఆయనే వెతికారు. ఆఫీసు కంప్యూటర్ల కోసం చేసిన చిన్న బోర్డు. దానికి రంగూ లేదు, రూపమూ లేదు, వెనక ఆ వెడల్పాటి పోర్టూ లేదు. నాకు నీరసం వచ్చింది.

"దీనికీ వెనక లేదు కదండీ!"

"వెనక చూడకు, లోపల చూడు."

పగిలిన ఫోన్ అద్దం మీద ఆ బోర్డు పుస్తకం తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, పేజీలు జరిపారు. బోర్డు అంచున రెండు వరసల చుక్కలున్న చోట ఆగారు. పోర్టు వెనక్కి రాలేదు గానీ, దాని పిన్నులు లోపల ఉంచేశారట. ఇరవై ఆరు పిన్నుల చోటు, అందులో ఒకటి ఖాళీ. దానికి బద్దీలాంటి వైరు తగిలించి వెనక్కి తెచ్చుకుంటే అసలైన పోర్టే అవుతుంది. ఈ ముక్క పెట్టె మీద రాయరు, అమ్మేవాళ్లకూ తెలియదు. పుస్తకం చివరిదాకా చదివినవాడికే తెలుస్తుంది.

బెజవాడ షాపుకు ఫోన్ చేశారు. "పెట్టె ఫొటో వద్దు బాబూ, బోర్డు ఫొటో పెట్టు. ఆగ్నేయ మూలని, దగ్గర నుంచి తియ్యి." వాళ్లు పంపారు. ఒక పిన్ను వంగి ఉంది. "ఇంకోటి విప్పు." ఈ బేరం నడుస్తుండగా తోట గట్టు మీద లారీ వచ్చి హారన్ కొట్టింది. లోడింగ్ మేస్త్రీ పరుగెత్తుకొచ్చి, "అయ్యా, బండి ఆగదంట. కాయ ఎత్తించమంటారా?" అన్నాడు.

"ఆగమను. ఈ పిన్నులు లెక్కపెట్టాలి."

మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. కాయ దిగే రోజుల్లో లారీని ఆపిన రైతును అతను అంతకుముందు చూసి ఉండడు. రెండో ఫొటోలో పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి. "అది పక్కన పెట్టు, రేపు బస్సుకి వేసెయ్" అని చెప్పాకే ఆయన లారీ వైపు వెళ్లారు.

ఆ ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి ఆయన మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన బోర్డు పెట్టె, గడ్డి పరిచి సర్దిన చిన్నరసం మామిడికాయల ట్రే. కాయలు గిన్నెలోకి తీయించి, ఆ ట్రేనే బోర్లించి బల్ల చేసుకున్నారు. చేతులు కడుక్కుని మా కిటికీ ఊచ పట్టుకున్నారు. బొటనవేలు పిన్నుల మీదుగా పోనిచ్చి, తృప్తిగా ఒకసారి మూలిగారు. మంచం మీద నుంచి అమ్మ ఆయన్నే చూస్తూ కూర్చుంది.

అన్నీ బిగించి, పాత డిస్క్ పెట్టి, వెనక లాక్ తగిలించి నన్ను తెరవమన్నారు. 'లాక్ కనిపించలేదు' అని వచ్చింది.

"కంగారు పడకు. కొత్త బోర్డుకి కొత్త మర్యాదలు నేర్పి పంపారు. పాత మర్యాద చెబితే సరి" అంటూ బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పోర్టును పాత పద్ధతికి మార్చారు. ఈసారి తెరుచుకుంది. గజిబిజి లేదు. అమ్మ పాటలు, నేను కొత్తగా టైపు నేర్చుకున్నప్పటి తప్పులతో సహా, తెర నిండా నిలబడ్డాయి.

 నేను మొదటి ముక్క చదివాను.

"మోయలేని గంప నాది..."

"దించే చెయ్యి నీదయ్యా" అని అమ్మ అందుకుంది. ఎన్ని రోజుల తర్వాతో! మూడు చరణాలూ పాడింది. పాడి నా వంక చూసి, "అన్నం తిన్నావే?" అంది. నేను ఎవరో ఆమెకు తెలిసింది.

బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని తెర చూస్తున్నారు. ఆయన్ని బాబాయ్ అని పిలవడం ఆ రోజే మొదలైంది. కాసేపటికి అన్నారు, "ఇందులో ఒక చరణం లేదేంటమ్మా?"

"ఇంతే కదా బాబాయ్?"

"ఇంకోటుంది. తోటల్లో పాడేవారు, ఎక్కడో విన్నాను. రాసుకో." గొంతు సవరించుకుని, గోడ వైపు తిరిగి పాడారు.

"వేరు ఒకటి, కొమ్మ ఒకటి, కట్టే చెయ్యి నీదయ్యా
చిగురు వేసి నిలిచినాక రెండు ఒక్క చెట్టయ్యా"

ఆయన గొంతు బాగోలేదు, వరస మాత్రం తప్పలేదు. నేను టకటకా కొట్టేశాను. "నేను చెప్పానని ఎక్కడా రాయకు. పాట మీ అమ్మది" అన్నారు. అమ్మ ఆయన్ని అలాగే చూస్తూ, "కాసిని మంచినీళ్లు తాగయ్యా" అంది. ఆయన తాగారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "వస్తానక్కా" అన్నారు. అమ్మ అప్పటికే మళ్లీ మరుపులోకి వెళ్లిపోయింది.

మెట్లు దిగుతూ నాతో ఒక మాట చెప్పారు. చిన్నప్పుడు ఆయన నర్సరీల్లో అంట్లు కట్టేవారట. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండీతో సహా మంచి చెట్టు దగ్గరికి తెచ్చి, మొక్కనూ కొమ్మనూ చెక్కి, రెండూ కలిపి కట్టేస్తారు. రెండు మూడు నెలలకు అతుక్కుంటాయి. అప్పుడు కొమ్మను పాత చెట్టు నుంచి కోయాలి. ఒకేసారి కాదు, ముందు సగం గాటు పెట్టి వారం ఆగాలి. ఆకు వాడకపోతే మిగతా సగం కోసెయ్యాలి.

"మొదటిసారి కోయడానికి నాకు చెయ్యి రాలేదమ్మా. భయపడుతూ కోసి నా వేలే కోసుకున్నా" అని ఆ చీలిన గోరు చూపించారు. "భయపడి కోయకపోతే ఆ కుండీ అలా చెట్టుకి వేలాడుతూనే ఉంటుంది. అది మొక్క ఎప్పుడవుద్ది? నీ పాటలూ అంతే. ఈ బోర్డు కట్టు మాత్రమే. ఎక్కడైనా తెరుచుకునే మామూలు తెలుగులో అన్నీ మళ్లీ కొట్టుకో. తర్వాత ఆ లాక్ పీకెయ్."

"అలాగే బాబాయ్, ఈ సీజను అయిపోగానే" అన్నాను.

నాకు ఆ సీజను ఎప్పటికీ అయిపోలేదు. ఒక కాపీ ప్రింటు తీస్తే అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకుని, మడిచి, విప్పి, నెల తిరిగేలోపు పీలికలు చేసింది. మళ్లీ తీశాను. అదీ అంతే. మళ్లీ కొట్టే పని మాత్రం పెట్టుకోలేదు. బోర్డు చక్కగా పనిచేస్తుంటే తొందరేముంది అనిపించేది. ఏటా మొదటి కాయ దిగగానే బాబాయ్ ఫోన్ చేసేవారు. బాగున్నావా అని లేదు, ఏమీ లేదు. ఒకటే మాట.

"కోశావా?"

ఒక ఏడు పెళ్లికార్డులు ఎక్కువన్నాను. ఒక ఏడు అమ్మకు జ్వరమన్నాను. ఒక ఏడు ఎన్నికల పనులన్నాను. ఆయన తిట్టేవారు కాదు, "సరే, ఆకు వాడకముందే చూసుకో" అని పెట్టేసేవారు. కిందటేడు గొంతులో ఆయాసం వినిపించింది. "ఈసారి ఖాయం బాబాయ్" అన్నాను.

"ఖాయం అంటే కోసినట్టు కాదమ్మా" అన్నారు. మాటకు మాట అప్పజెప్పడంలో ఆయన్ని ఎవరూ మించలేరని నవ్వుకున్నాను. ఒకసారి వెళ్లి చూసి రావాలని మాత్రం నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఫ్లెక్సీ చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. రోజుకో పాట. పాతది తెరిచి చూస్తూ మామూలు తెలుగులో కొడతాను, కొట్టింది అమ్మకు చదివి వినిపిస్తాను. అమ్మకు ఇప్పుడు చాలా పాటల్లో రెండో ముక్క కూడా రావడం లేదు. ఊరికే పెదవులు కదుపుతుంది. అయినా చదువుతూ వచ్చాను.

గంప పాట చివరి రోజుకు ఉంచుకున్నాను. అది మాత్రం వచ్చింది. "దించే చెయ్యి నీదయ్యా" అని వణుకుతూ అందుకుంది. మూడు చరణాలూ దాటాం. నాలుగోది నేను మొదలుపెట్టాను.

"వేరు ఒకటి, కొమ్మ ఒకటి..."

అమ్మ ఆగిపోయింది. ముఖం చిట్లించింది.

"అది నాది కాదు."

"నీదేనమ్మా. మర్చిపోయావు."

"నాది కాదంటుంటే! అది ఆ అంట్లు కట్టే అతను కట్టాడు. వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగేవాడు చూడు, అతను. నేను గంప దించుతుంటే చెట్టు మీద నుంచి పాడేవాడు. 'నీ పాటకి అంటు కట్టానక్కా' అనేవాడు." చెప్పి నవ్వింది. ఆ నవ్వు నేను పుట్టకముందుది. "పిచ్చోడు. పాట బానే కట్టాడు."

నా పేరు మర్చిపోయిన మనిషి, ఆ వేలికి చుట్టిన గుడ్డను మర్చిపోలేదు. నాకు మొదటే తెలియాల్సింది. వేరూ కొమ్మా కట్టూ అని అంట్లు కట్టేవాడు తప్ప ఎవరు రాస్తారు? లారీని ఆపి పిన్నులు లెక్కపెట్టింది నా మీద జాలితో అనుకున్నాను. గోడ వైపు తిరిగి పాడితే సిగ్గు అనుకున్నాను. వస్తానక్కా అంటే మర్యాద అనుకున్నాను. నేను ప్రతిదీ విన్నాను గానీ ఒక్కటీ పట్టుకోలేదు. ఆ రోజు అమ్మ మంచినీళ్లు తాగమన్నది ఎవరిని గుర్తుపట్టి అన్నదో, ఊరికే అన్నదో ఇక ఎప్పటికీ తెలియదు.

అమ్మ పాటల పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. ఆ చరణం అమ్మ పాటలోనే ఉంచాను, విడదీయలేదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు వేశాను. వద్దని చెప్పారు కాబట్టి ఇక్కడ ఎక్కడా ఆ పేరు రాయలేదు. అక్కడ మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. తిట్టాలనుకుంటే తిట్టుకోనీ.

లాక్‌కు రెండు పక్కలా రెండు చిన్న మరలుంటాయి. పోయిన ఆదివారం ఒకటి విప్పి వారం ఆగాను. ఈ వారమంతా పాటలు ఫోన్లో తెరిచాను, పక్క షాపులో తెరిచాను, పాస్టరమ్మ గారింట్లో తెరిచాను. ఎక్కడా ఒక్క అక్షరం చెదరలేదు. ఈ రోజు చర్చి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కిటికీ ఊచ పట్టుకుని, రెండో మర విప్పి లాక్ పీకేశాను. మంచం మీద అమ్మ తన మానాన తాను నాలుగో చరణం పాడుకుంటోంది. చిక్కాలు పట్టుకుని కూలివాళ్లు వీధిలో వెళ్తున్నారు, ఆఖరి కాయ దిగుతోంది. మొదటి కాయకు రావాల్సిన ఫోన్ ఈ ఏడు రాలేదు.

కోశాను బాబాయ్.